రెండు మోటార్లతో ఫైవ్ యాక్సిస్ రాదు

మూడు యాక్సిస్‌ల సీఎన్‌సీ రౌటర్‌లో టూల్‌ను తిప్పే స్పిండిల్ ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ కదులుతుంది. టూల్ మాత్రం ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది. దానికి మరో రెండు తిరిగే యాక్సిస్‌లు చేరిస్తే జాబ్‌ను, అంటే కోయాల్సిన ముక్కను, విప్పి తిప్పి మళ్లీ బిగించే పని లేకుండా, టూల్‌ను దాదాపు ఏ కోణంలోనైనా ఆనించవచ్చు. దీన్నే ఫైవ్ యాక్సిస్ అంటారు. ఫ్యాక్టరీల్లో టన్నుల బరువున్న యంత్రాలు చేసే ఈ పనిని ఇంటి వెనుక షెడ్డులోని యాభై కిలోల రౌటర్‌తో చేయించాలన్న కోరిక ఔత్సాహికుల్లో బలంగా ఉంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. దాని చుట్టూ అల్లుకున్న అభిప్రాయమే తప్పు. మోటార్లు చవక, కంట్రోలర్ ప్రోగ్రాములు ఉచితం, మిగిలిన అడ్డంకి టూల్ దారిని లెక్కించే క్యామ్ సాఫ్ట్‌వేర్ ధర ఒక్కటే అని చాలామంది నమ్ముతున్నారు. ఆ ధర దిగివస్తే ప్రతి హాబీ రౌటరూ ఫైవ్ యాక్సిస్ యంత్రం అవుతుందన్నది వారి వాదన.

ఐర్లండ్‌లో ఈ వాదనకు ఆదరణ దొరకడానికి కారణాలున్నాయి. డబ్లిన్‌లో టాగ్ అనే హ్యాకర్‌స్పేస్ 2009 నుంచి నడుస్తోంది. లిమరిక్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఒక ఫ్యాబ్ ల్యాబ్ ఉంది. సొంత షెడ్డులో రౌటర్ పెట్టుకున్నవారు దేశమంతటా ఉన్నారు. మరోవైపు కార్క్ పక్కన రింగాస్కిడీలో కృత్రిమ మోకాలి కీళ్లు తయారవుతాయి. ఒక్క చదును ముఖం కూడా లేని అలాంటి వస్తువులే ఫైవ్ యాక్సిస్ యంత్రాలకు అసలైన పని. ఆ పరిశ్రమ పక్కనే బతుకుతున్నవారికి, అదే పనిని చిన్న ఎత్తున ఇంట్లో చేయలేమా అన్న ఆలోచన రావడం సహజం. ఆ ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు డబ్లిన్‌లోనే పుట్టింది. తిరిగే వస్తువుల గణితాన్ని తీర్చిదిద్దినవారిలో ఇద్దరు, విలియం రోవన్ హామిల్టన్, రాబర్ట్ బాల్, వేర్వేరు కాలాల్లో ఆ ఊరి శివారు డన్సింక్ వేధశాలలో పనిచేశారు. వారు చెప్పినదాన్ని శ్రద్ధగా చదివితే ఈ వాదన నిలబడదు.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. ఫైవ్ యాక్సిస్ అన్న పేరు రెండు వేర్వేరు పనులకు వాడుతున్నారు. తిరిగే యాక్సిస్‌లను ఒక కోణానికి తెచ్చి, బిగించి, ఆ తర్వాత మామూలు మూడు యాక్సిస్‌లతో కోయడం ఒకటి. దీన్ని త్రీ ప్లస్ టూ అంటారు. కోత సాగుతుండగానే ఐదూ కలిసి కదలడం రెండోది. మొదటిదాని కష్టం ఒక మెట్టు, రెండోదాని కష్టం పది మెట్లు. ఆశలన్నీ రెండోదాని మీద పెట్టి, లెక్కలు మాత్రం మొదటిదానికి వేయడం ఈ చర్చలో తరచుగా కనిపించే పొరపాటు.

యంత్రాన్ని అమర్చే తీరులు కూడా ముఖ్యంగా రెండు. జాబ్‌ను మోసే బల్లనే వంచి తిప్పే ట్రనియన్ పద్ధతి ఒకటి, స్పిండిల్‌నే వంచి తిప్పే హెడ్ పద్ధతి మరొకటి. ఇంట్లో చేసేవారు ఎక్కువగా ట్రనియన్‌నే ఎంచుకుంటారు. ఉన్న రౌటర్‌ను కదపకుండా, బల్ల మీద ఒక విడి పరికరంగా దాన్ని బిగించవచ్చన్నది ఆ ఎంపికకు కారణం.

మోటార్ల సంగతి త్వరగా తేలిపోతుంది. హాబీ రౌటర్లలో మామూలుగా వాడే నెమా 23 స్టెపర్ మోటార్ నిలిపి ఉంచగల టార్క్ (తిప్పే బలం) సుమారు 2 న్యూటన్ మీటర్లు. టూల్ 50 న్యూటన్ల బలంతో తిరుగుడు కేంద్రానికి 100 మిల్లీమీటర్ల దూరంలో తోస్తే 5 న్యూటన్ మీటర్లు కావాలి. అంటే మోటార్‌ను నేరుగా యాక్సిస్‌కు కలిపితే కోత మొదలవగానే అది జారుతుంది. సన్నటి అడుగు కావాలన్నా అంతే. 1.8 డిగ్రీల స్టెపర్‌ను పదహారు మైక్రోస్టెప్పులుగా విడగొట్టినా ఒక్కో అడుగు 0.11 డిగ్రీ ఉంటుంది. కేంద్రానికి 150 మిల్లీమీటర్ల దూరంలో అది దాదాపు 0.3 మిల్లీమీటర్. పైగా మైక్రోస్టెప్పు కాగితం మీద ఉన్నంత కచ్చితంగా బరువు కింద ఉండదు. కాబట్టి గేర్‌బాక్సు తప్పదు. చవక వార్మ్ గేర్‌బాక్సు పెడితే ప్లే, అంటే గేరు పళ్ల మధ్య వదులు, వస్తుంది. 0.05 డిగ్రీ ప్లే ఉన్నా 200 మిల్లీమీటర్ల దూరంలో 0.17 మిల్లీమీటర్ వదులు. కోత బలం దిశ మారినప్పుడల్లా జాబ్ అంత మేర అటూఇటూ ఊగుతుంది. ప్లే దాదాపు లేని హార్మోనిక్ డ్రైవ్‌లు మంచి పరిష్కారం. వాటి ధరతో మోటార్లు చవక అన్న మొదటి మాట పోతుంది. పాత రోబోల నుంచి తీసినవి దొరికినా అవి ఎంత అరిగాయో కొలవనిదే తెలియదు.

అయినా ఇదంతా డబ్బుతో తీరే సమస్య. డబ్బుతో తీరనిది కొలత. ఫైవ్ యాక్సిస్ ప్రధానంగా కొలతకు సంబంధించిన విషయం, కదలిక ఆ తర్వాతిది. ప్రచారంలో ఉన్న వాదన ఈ చోటే పూర్తిగా తడబడుతుంది.

రాబర్ట్ బాల్ డబ్లిన్‌లో పుట్టి, 1867లో రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్ ఫర్ ఐర్లండ్‌లో యంత్రశాస్త్ర ఆచార్యుడై, 1874 నుంచి 1892 వరకు ఐర్లండ్ రాయల్ అస్ట్రానమర్‌గా డన్సింక్‌లో ఉన్నాడు. 1876లో 'థియరీ ఆఫ్ స్క్రూస్' ప్రచురించాడు, 1900లో ఆ విషయం మీదే పెద్ద గ్రంథం తెచ్చాడు. గట్టి వస్తువు ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా కదిలినా, ఆ కదలికను ఒక గీత చుట్టూ తిరగడంగానూ అదే గీత వెంట జరగడంగానూ చూడవచ్చన్న సూత్రం బాల్ కంటే ముందే ఉంది. ఆ సూత్రం మీద ఆయన ఒక పూర్తి శాస్త్రాన్ని కట్టాడు. ఈ చర్చకు కావలసింది అందులోని మొదటి మెట్టే. తిరుగుడు అనేది ఒక బిందువు చుట్టూ జరిగేది కాదు, ఒక గీత చుట్టూ జరిగేది. ఆ గీత అంతరాళంలో ఎక్కడుందో చెప్పాలంటే నాలుగు సంఖ్యలు కావాలి. అది ఎక్కడ నుంచి పోతోందో చెప్పడానికి రెండు, ఏ దిక్కుకు వాలి ఉందో చెప్పడానికి రెండు. రెండు తిరిగే యాక్సిస్‌లు చేర్చినవాడు ఎనిమిది తెలియని సంఖ్యలను యంత్రంలోకి తెచ్చిపెట్టినట్టే. వాటిలో ఏ ఒక్కటీ మోటార్ పెట్టెలో రాదు. యజమాని తన యంత్రం మీద తానే కొలిచి తెలుసుకోవాలి.

మూడు యాక్సిస్‌ల రౌటర్ ఈ అవసరాన్ని ఎన్నడూ కలిగించదు. అందుకే దానితో ఏళ్ల తరబడి పనిచేసినవారు కూడా దీన్ని ఊహించరు. ఆ యంత్రంలో జీరో ఎక్కడ పెట్టినా పరవాలేదు. జాబ్ మూలకు టూల్ ఆనించి జీరో సెట్ చేస్తే, కోసినదంతా ఆ మూలను అనుసరించి వస్తుంది. మూల పట్టుకోవడంలో అర మిల్లీమీటర్ తేడా వచ్చినా మొత్తం ఆకారం అంత మేర జరుగుతుందే తప్ప వంకర పోదు. చాలా హాబీ రౌటర్లకు హోమింగ్ స్విచ్‌లే ఉండవు, అవి లేకుండానే పని సాగిపోతుంది. తిరిగే యాక్సిస్ వచ్చిన క్షణం నుంచి ఈ సౌఖ్యం పోతుంది. తిరుగుడు గీత యంత్రం జీరో నుంచి ఎంత దూరంలో ఉందో కంట్రోలర్‌కు కచ్చితంగా తెలియాలి. ఆ దూరంలో 0.1 మిల్లీమీటర్ పొరపాటు ఉంటే, జాబ్‌ను 180 డిగ్రీలు తిప్పి అవతలి ముఖం కోసేసరికి రెండు కోతల మధ్య 0.2 మిల్లీమీటర్ మెట్టు కనిపిస్తుంది. చెక్క మీద వేలితో నిమిరినా ఆ మెట్టు తెలుస్తుంది. గీత దిక్కులో 0.05 డిగ్రీ వాలు ఉంటే 200 మిల్లీమీటర్ల పొడవు మీద మరో 0.17 మిల్లీమీటర్ చేరుతుంది. రెండో యాక్సిస్ మొదటిదాని మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దాని తప్పులు మొదటిదానితో పాటు తిరుగుతూ, కోణం మారినకొద్దీ కొత్త దిక్కులకు పోతాయి. ఒక సంఖ్య సర్దితే అన్ని కోణాల్లోనూ సరిపోతుందన్న ఆశ ఇక్కడ లేదు.

అంతేకాదు, అప్పటిదాకా దాక్కున్న పాత తప్పులను కొత్త యాక్సిస్‌లు బయటపెడతాయి. స్పిండిల్‌ను మోసే గాంట్రీ కొద్దిగా మూలవాటుగా బిగిసి ఉంటే చతురస్రం కోసినప్పుడు అది కాస్త పక్కకు వాలిన ఆకారంగా వస్తుంది. 300 మిల్లీమీటర్లకు 0.2 మిల్లీమీటర్ వాలును మూడు యాక్సిస్‌ల పనిలో ఎవరూ గమనించరు. అదే జాబ్‌ను తిప్పి వెనుక నుంచి కోస్తే వాలు రెండింతలై ఎదురుపడుతుంది. యంత్రాల కొలత శాస్త్రంలో మూడు యాక్సిస్‌ల యంత్రానికి 21 జ్యామితీయ దోషాలను లెక్కిస్తారు. రెండు తిరిగే యాక్సిస్‌లు చేరితే ఆ లెక్క నలభై దాటుతుంది. పరిశ్రమ ఈ సంఖ్యను చూసి భయపడదు. కొలిచే పరికరాలు, కొలిచే పద్ధతులు, అందుకు ప్రత్యేకంగా ఐఎస్‌ఓ ప్రమాణాలు దాని దగ్గర ఉన్నాయి. షెడ్డులో సాధారణంగా ఉండేది ఒక డయల్ గేజ్, ఒక కాలిపర్. వాటితో పని అసాధ్యమని కాదు. డయల్ గేజ్, ఒక మంచి ఉక్కు గోళం, చాలా ఓపిక ఉంటే తిరుగుడు గీతను తగినంత దగ్గరగా పట్టుకోవచ్చు. అయితే ఆ ఓపికే అసలు ఖర్చు. ఫైవ్ యాక్సిస్ చౌకైపోయిందని చెప్పేవారి లెక్కలో దానికి ఒక్క పైసా కూడా ఉండదు.

డబ్లిన్ రాత్‌మైన్స్‌లో ఈ విషయాన్ని నూట యాభై ఏళ్ల కిందటే ఎరిగిన వర్క్‌షాపు ఒకటి ఉండేది. థామస్ గ్రబ్, ఆయన కొడుకు హోవర్డ్ గ్రబ్ అక్కడ ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులు కొన్ని చేశారు. 1868లో మెల్‌బోర్న్ కోసం 48 అంగుళాల అద్దంతో ఒకటి, 1870ల చివర వియన్నా విశ్వవిద్యాలయ వేధశాల కోసం 27 అంగుళాల కటకంతో మరొకటి సిద్ధం చేశారు. డన్సింక్‌లోని సౌత్ టెలిస్కోపును 1868లో బిగించిందీ గ్రబ్‌లే. టెలిస్కోపు మోసే నిర్మాణం కూడా ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు తిరిగే యాక్సిస్‌లే. ఒక యాక్సిస్‌ను వార్మ్ గేరుతో గడియారపు యంత్రం నడిపేది. ఆ రెండు గీతలు నిజంగా లంబంగా ఉన్నాయా, గొట్టం తన బరువుకు ఎంత వంగుతోంది, మొదటి గీత ధ్రువం వైపు సరిగ్గా చూస్తోందా అన్నవి ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల సాయంతో రాత్రుల తరబడి కొలిచి పట్టికలుగా రాసుకునేవారు. యంత్రాన్ని బిగించిన తర్వాత మొదలయ్యే ఆ కొలత పనిని ఎవరూ అదనపు బెడదగా చూడలేదు. తిరిగే యాక్సిస్‌లున్న ప్రతి పరికరానికీ అది సగం పని. ఇప్పటి హాబీ చర్చల్లో ఈ సగం పూర్తిగా మాయమైంది.

గట్టిదనం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే దీన్ని కొందరైనా ఒప్పుకుంటారు. బెల్టులు, వీ చక్రాలు, అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్లతో చేసిన రౌటర్ మూడు యాక్సిస్‌ల కోతకే కాస్త వంగుతుంది. దాని మీద ట్రనియన్ పెడితే రెండు బేరింగ్ జతలు, రెండు గేర్‌బాక్సులు, ఒక ఊయల చట్రం ఆ వంగుడు గొలుసులో కొత్త లింకులుగా చేరతాయి. అంతకంటే ముందు ఎదురయ్యేది చోటు. చాలా హాబీ రౌటర్లలో గాంట్రీ కింద ఖాళీ 100 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. ట్రనియన్ ఎత్తు, దాని మీద వైస్, జాబ్, పైన కాలెట్ నుంచి వేలాడే టూల్, అన్నీ అందులోనే ఇమడాలి. పెద్ద చెక్క పలకలు కోయడానికి విశాలంగా, లోతు తక్కువగా కట్టిన యంత్రాన్ని లోతైన పనికి వాడాలంటే కాళ్లూ గాంట్రీ పెంచాలి. పెంచితే గట్టిదనం మరింత తగ్గుతుంది. హెడ్ పద్ధతికి పోతే 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ బరువు దాదాపు ఐదు కిలోలు. దాన్ని నీళ్ల గొట్టాలతో, కేబుళ్లతో సహా వంచి తిప్పాలి. వంగే గీత నుంచి టూల్ కొస దాకా 200 మిల్లీమీటర్లు ఉంటే, కోణంలో 0.1 డిగ్రీ తప్పు కొస దగ్గర 0.35 మిల్లీమీటర్ అవుతుంది. ఏ వైపు పోయినా జ్యామితి తన వాటా వసూలు చేసుకుంటుంది.

ఇక కంట్రోలర్. ఇది ఉచితం, కాబట్టి సమస్య తీరిపోయింది అన్న మాటలో సగం నిజముంది. 2009లో మొదలైన ఉచిత కంట్రోలర్ ప్రోగ్రాము జీఆర్‌బీఎల్ హాబీ సీఎన్‌సీని ప్రపంచమంతటా ఇంటింటికీ చేర్చింది. ఆ మేలు చిన్నది కాదు. అసలు జీఆర్‌బీఎల్ మాత్రం ఒక చిన్న ఆర్డ్యూనో బోర్డు మీద మూడు యాక్సిస్‌ల కోసమే రాసినది. దాని నుంచి పుట్టిన కొత్త రూపాలు మరిన్ని యాక్సిస్‌లను కదుపుతాయి. యాక్సిస్‌లను కదపడం ఒకటి, వాటి జ్యామితి ఎరిగి ఉండడం మరొకటి. జాబ్ తిరుగుతున్నా టూల్ కొస మాత్రం చెప్పిన బిందువు దగ్గరే ఉండేలా మిగిలిన యాక్సిస్‌లను కంట్రోలరే జరిపితే దాన్ని టూల్ సెంటర్ పాయింట్ కంట్రోల్ అంటారు. అది లేని కంట్రోలర్‌కు ఆ లెక్కంతా ముందుగా క్యామ్‌లో చేసి ఇవ్వాలి. జాబ్ ఫిక్స్‌చర్‌లో కాస్త పక్కకు బిగిసినా, టూల్ మార్చి పొడవు మారినా ఆ కోడ్ పనికిరాదు, మళ్లీ తయారుచేయాలి. ఉచిత కంట్రోలర్లలో లినక్స్‌సీఎన్‌సీ ఈ జ్యామితిని తీసుకోగలదు. ట్రనియన్ యంత్రాలకు తగిన లెక్కలు అందులో సిద్ధంగా ఉన్నాయి. అయితే ఆ లెక్కలు తిరుగుడు గీతల స్థానాలను సంఖ్యలుగా అడుగుతాయి. మళ్లీ బాల్ దగ్గరికే రావాలి. కొలవని సంఖ్య ఇస్తే ఎంత మంచి ప్రోగ్రామైనా తప్పు చోటనే కోస్తుంది.

వేగం విషయంలోనూ మూడు యాక్సిస్‌ల అలవాటు పనికిరాదు. నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లు అన్న ఫీడ్ రేటు తిరిగే యాక్సిస్‌కు అర్థం కాదు, అది డిగ్రీల్లో కదులుతుంది. అదే తిరుగుడు వేగంలో కేంద్రం దగ్గర చెక్క నెమ్మదిగా జరుగుతుంది, అంచు దగ్గర వేగంగా జరుగుతుంది. అందుకే టూల్ సెంటర్ పాయింట్ లెక్క లేని కంట్రోలర్లకు జి93 పద్ధతిలో, ప్రతి చిన్న కదలికా ఎంత కాలంలో పూర్తవ్వాలో వరుస వరుసకూ చెబుతారు. దాన్ని సరిగ్గా రాయని పోస్ట్ ప్రాసెసర్ (క్యామ్ దారిని యంత్రం కోడ్‌గా మార్చే ప్రోగ్రాము) ఒకచోట చెక్కను కాలుస్తుంది, మరోచోట టూల్‌ను విరుస్తుంది.

ఈ దశలో హామిల్టన్ పేరు తరచుగా వినిపిస్తుంది. 1843 అక్టోబరు 16న రాయల్ కెనాల్ గట్టున నడుస్తూ ఆయన క్వాటర్నియన్ల సూత్రాన్ని కనుగొని, బ్రూమ్ బ్రిడ్జి రాతి మీద చెక్కాడు. 1958లో అప్పటి ఐర్లండ్ ప్రధాని ఈమన్ డి వలేరా అక్కడ ఒక ఫలకం ఆవిష్కరించాడు. తిరుగుళ్లను తొట్రుపాటు లేకుండా లెక్కించడానికి నేడు విమానాల నుంచి వీడియో గేముల దాకా క్వాటర్నియన్లు వాడుతున్నారు. కాబట్టి ఫైవ్ యాక్సిస్‌లోని సింగ్యులారిటీ చిక్కు కూడా వాటితో తీరిపోతుందని కొందరు ధీమాగా చెబుతారు. తీరదు. ఆ చిక్కు లెక్కది కాదు, ఇనుముది. ట్రనియన్ బల్ల సమతలంగా ఉన్నప్పుడు టూల్, బల్ల తిరిగే గీత ఒకే దిక్కున ఉంటాయి. అప్పుడు టూల్ నిలువు నుంచి ఒక డిగ్రీ ముందుకు వాలిన స్థితి నుంచి ఒక డిగ్రీ పక్కకు వాలిన స్థితికి రావాలనుకుంటే టూల్ దిక్కులో మార్పు 1.4 డిగ్రీ మాత్రమే. ఆ కాస్త మార్పు కోసం బల్ల మాత్రం 90 డిగ్రీలు తిరగాలి. క్వాటర్నియన్లు ఆ 1.4 డిగ్రీల దారిని చక్కగా గీసి చూపుతాయి. బల్ల తిరగాల్సిన 90 డిగ్రీలను ఒక్క డిగ్రీ కూడా తగ్గించవు. గేర్‌బాక్సుతో నెమ్మదైన మోటార్ ఆ మలుపు తిరిగేంతసేపూ స్పిండిల్ ఒకేచోట నిలిచి చెక్కను రాపాడుతుంది, ఉపరితలం మీద మచ్చ పడుతుంది. ఈ చోటును తప్పించుకునేలా దారిని వేయడం క్యామ్ నడిపేవాడి నేర్పు. హామిల్టన్ గొప్పతనాన్ని ఆయన చేయని పనికి జమ చేయడం ఆయనకు గౌరవం కాదు.

అసలు వివాదమంతా నడిచేది క్యామ్ ధర గురించి. 2020లో ఆటోడెస్క్ తన ఫ్యూజన్ 360 ఉచిత వ్యక్తిగత లైసెన్సు నుంచి మల్టీ యాక్సిస్ మిల్లింగ్‌ను తీసేసింది. అప్పటిదాకా దాన్ని వాడుకుంటున్నవారి బాధ న్యాయమైనదే. దాని నుంచి లాగిన తీర్మానం మాత్రం న్యాయమైనది కాదు. ఆ సౌకర్యం ఉచితంగా ఉన్న ఏళ్లలోనూ ఇంటి షెడ్డుల్లో ఫైవ్ యాక్సిస్ రౌటర్లు మామూలు వస్తువులు కాలేదు. ధర ఒక్కటే గోడ అయి ఉంటే, గోడ లేని కాలంలో జనం అవతలకు వెళ్లి ఉండాలి. పైగా క్యామ్ కొన్నా దానంతట అది పనిచేయదు. ఇంట్లో కట్టిన ప్రతి యంత్రం జ్యామితీ వేరు కాబట్టి పోస్ట్ ప్రాసెసర్‌ను దానికోసం విడిగా సరిచేయాలి. కోతకు ముందు స్పిండిల్, ట్రనియన్, వైస్ అన్నీ ఉన్న పూర్తి నమూనాతో ఢీకొట్టుడు పరీక్ష చేయాలి. మూడు యాక్సిస్‌ల యంత్రంలో ముఖ్యంగా టూలూ దాన్ని మోసే భాగాలే దేనికైనా తగలవచ్చు. ఇక్కడ బల్లే లేచి వచ్చి స్పిండిల్‌ను గుద్దవచ్చు.

ఈ ఖండనకు వ్యతిరేకంగా తప్పక చూపే ఉదాహరణ పాకెట్ ఎన్‌సీ. అమెరికాలోని మోంటానాలో తయారై, 2015లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం ముందుకు వచ్చిన ఈ బల్లమీది ఫైవ్ యాక్సిస్ యంత్రం నిజంగా పనిచేస్తుంది. బీగల్‌బోన్ అనే చిన్న కంప్యూటర్ మీద లినక్స్‌సీఎన్‌సీ కుటుంబానికి చెందిన ఉచిత ప్రోగ్రాముతోనే నడుస్తుంది కూడా. అయితే అది దేనికి రుజువు? దాన్ని రౌటర్‌కు రెండు యాక్సిస్‌లు తగిలించి చేయలేదు. మొదటి నుంచే ఐదు యాక్సిస్‌ల యంత్రంగా, అరచేతిలో ఇమిడే జాబ్ కోసం, దూరాలన్నీ కురచగా ఉంచి గీశారు. పైన చెప్పిన లెక్కలన్నింటిలో తప్పును పెంచేది దూరమే. 150 మిల్లీమీటర్ల దగ్గర 0.3 అయ్యేది 30 మిల్లీమీటర్ల దగ్గర 0.06 మాత్రమే. ఆపైన ఒక్కో యంత్రానికి తిరుగుడు గీతల స్థానాలను విడిగా కొలిచి ఆ సంఖ్యలతోనే కొన్నవారికి పంపుతారు. అంటే ఆ కంపెనీ అమ్మేవాటిలో అతి విలువైనది ఆ కొలతే. పాకెట్ ఎన్‌సీ ఈ వ్యాసం వాదనకే సాక్షి.

ఐర్లండ్‌కు ప్రత్యేకమైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. కరెంటు వాటిలో లేదు. ఇళ్లకు మామూలుగా వచ్చే 12 కేవీఏ సింగిల్ ఫేజ్ కనెక్షన్ 2.2 కిలోవాట్ల స్పిండిల్‌కూ ఐదు మోటార్లకూ ధారాళంగా సరిపోతుంది, త్రీ ఫేజ్ లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. విడిభాగాల రాక మాత్రం నిజంగా కష్టమైంది. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ హద్దుకు అవతల ఉంది. అక్కడి దుకాణం నుంచి తెప్పించే బాల్‌స్క్రూ మీద 23 శాతం వ్యాట్ ఐర్లండ్‌లో కట్టాలి. సరుకు చైనాలో తయారైనదై, విలువ 150 యూరోలు దాటితే కస్టమ్స్ సుంకమూ పడవచ్చు. భాగం సరిపోక తిప్పి పంపితే మరో చిక్కు. నాలుగైదు సార్లు భాగాలు మార్చి చూడక తప్పని ఫైవ్ యాక్సిస్ ప్రయత్నానికి ఇది గట్టి దెబ్బ. ఇంకో ఇబ్బంది తేమ. గాలిలో తేమ ఏడాది పొడవునా 80 శాతం చుట్టూ ఉండే దేశంలో, వేడి చేయని షెడ్డులో, ఎండీఎఫ్ బల్ల ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది. దాని మీద బిగించిన ట్రనియన్ గీత నవంబరులో ఉన్నచోట మే నెలలో ఉండదు. ట్రనియన్‌ను అల్యూమినియం లేదా ఉక్కు పలక మీద నేరుగా యంత్రం చట్రానికి బిగించడం మొదటి జాగ్రత్త. అయినా కొలత ఒక్కసారి చేసి మరిచిపోయేది కాదు.

చివరి ప్రశ్న అవసరానిది. ఐర్లండ్‌లో చెక్క మీద ఇష్టంతో పనిచేసేవారు చేయాలనుకునే వస్తువులను ఒక్కొక్కటిగా చూస్తే ఐదు యాక్సిస్‌లు కలిసి కదలాల్సిన పని చాలా తక్కువ. హర్లింగ్ ఆటకు వాడే హర్లీ కర్ర యాష్ చెట్టు మొదలు భాగం నుంచి, వేరు వంపు వెంట పోగు తిరిగేలా కోసిన పలకతో చేస్తారు. దాని బలం పోగులో ఉంది, యంత్రంలో లేదు. ఆకారం రెండు ముఖాలు, మధ్యలో సన్నబడే మందం. మూడు యాక్సిస్‌ల రౌటర్ మీద ఒకసారి తిప్పి బిగిస్తే చాలు. 2012లో లీట్రిమ్ కౌంటీలో మొదటిసారి కనిపించిన యాష్ డైబ్యాక్ తెగులు దేశంలోని యాష్ చెట్లను తినేస్తున్న ఈ కాలంలో హర్లీ చేసేవారికి నిజమైన కొరత మంచి పలకదే. హార్ప్ మెడ వంకీగా కనిపిస్తుంది కానీ అది చదునైన పలకలో కోసిన వంపు. తీగల పిన్నుల రంధ్రాలు పక్క నుంచి నేరుగా పడతాయి. ఐర్లండ్ సంచి వాయిద్యం ఇల్లిన్ పైపుల చాంటర్ (స్వరాలు పలికే గొట్టం) లేత్ పని, దాని రంధ్రాలకు ఒక్క తిరిగే యాక్సిస్ చాలు. ఐదూ కలిసి కదలడం నిజంగా ఉపయోగపడే చోటు డబ్లిన్ జార్జియన్ ఇళ్ల మెట్ల దగ్గర కనిపిస్తుంది. మలుపు తిరుగుతూ, పైకి ఎక్కుతూ, తన చుట్టూ తాను మెలితిరిగే ఆ చేతిపట్టె చెక్కలో ఏ రెండు అడ్డుకోతలూ ఒకే దిక్కున చూడవు. అలాంటి పట్టెలను బాగుచేసే వర్క్‌షాపులు ఫైవ్ యాక్సిస్ రౌటర్లు కొనడంలో అర్థముంది. అయితే ఆ ముక్కలు పొడవైనవి, తిరుగుడు గీతకు దూరంగా పోయేవి. హాబీ రౌటర్ జ్యామితి అతి బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ దూరాల్లోనే.

మిగిలిన చాలా పనులకు తగిన జవాబు త్రీ ప్లస్ టూ. అది కూడా మోటార్లు లేకుండా, చేత్తో తిప్పి పిన్నుతో లాక్ చేసే ఇండెక్సర్‌తో. కోణాలు ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి ప్రతి కోణంలో జాబ్‌ను టూల్‌తో మళ్లీ తాకి జీరో సెట్ చేసుకోవచ్చు. గీత కొలతలో ఉన్న తప్పు అలా చాలావరకు రద్దవుతుంది. లాక్ చేసిన ఇండెక్సర్‌కు గేర్ ప్లే ఉండదు. హైదరాబాద్ బాలానగర్ చిన్న వర్క్‌షాపుల్లో మూడు యాక్సిస్‌ల మిల్లింగ్ యంత్రం మీద రోటరీ టేబుల్, యాంగిల్ ప్లేట్, సైన్ బార్ పెట్టి చేసే పని ఇదే తరహా. 1968లో అక్కడే మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న ప్రాంతంలో జిగ్గు, ఫిక్స్‌చర్ గురించిన జ్ఞానాన్ని ఎవరూ తక్కువరకం అనుకోరు. ఒక మంచి ఫిక్స్‌చర్ రెండు యాక్సిస్‌ల పని చేస్తుందన్నది అక్కడ అందరికీ తెలిసిన మాట.

అయినా ఐదు యాక్సిస్‌లు కట్టాలనుకునేవారు ఏ క్రమంలో వెళ్లాలో పైన చెప్పినదాన్ని బట్టే తేలుతుంది. ముందు ఉన్న మూడు యాక్సిస్‌ల లంబత్వాన్ని డయల్ గేజుతో కొలిచి సరిచేయాలి. హోమింగ్ ఎన్నిసార్లు చేసినా ఒకే చోటికి వస్తోందో లేదో చూడాలి. ఆ తర్వాత ఒకే తిరిగే యాక్సిస్ బిగించి, దాని గీతను కొలిచి, దిమ్మెను ఒక వైపు నుంచి సగం, 180 డిగ్రీలు తిప్పి మిగతా సగం కోయాలి. మధ్యలో మిగిలే మెట్టును కొలిస్తే అందులో సగమే గీత స్థానంలో ఉన్న తప్పు. ఆ సంఖ్యను సరిదిద్ది మళ్లీ కోయాలి. మెట్టు చేతికి తెలియనంత తగ్గేదాకా రెండో యాక్సిస్ జోలికి పోకూడదు. రెండోది కూడా అదే విధంగా కుదిరాక, పరిశ్రమలో 1969 నుంచి వాడుకలో ఉన్న ఎన్‌ఏఎస్ 979 పరీక్ష చేయవచ్చు. బల్ల మీద వాల్చి బిగించిన ఒక శంకు ముక్క చుట్టూ ఐదు యాక్సిస్‌లూ కలిపి కోసి, అది ఎంత గుండ్రంగా వచ్చిందో కొలవడమే ఆ పరీక్ష. హాబీ యంత్రానికి విమాన పరిశ్రమ కచ్చితత్వం అవసరం లేదు. ఆ శంకు 0.2 మిల్లీమీటర్ లోపు గుండ్రంగా వస్తే చెక్క పనికి అది చాలు.